ర్యామ్ కొనేముందు ఇవి చూడండి

పోయిన నెల మా పిన్ని కొడుకు మారతహళ్ళి పీజీ నుంచి ఫోన్ చేసి "అన్నా, ల్యాప్‌టాప్ అస్సలు కదలట్లేదు, శనివారం ఎస్పీ రోడ్డుకెళ్ళి ఇంకో 16 జీబీ వేయిద్దామా" అన్నాడు. ఎస్పీ రోడ్డంటే బెంగళూరులో కంప్యూటర్ సామాన్లు అమ్మే వీధి. ఆగరా, ముందు టాస్క్ మేనేజర్ తెరిచి పక్కన బిల్డ్ (రాసిన కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే పని) నడుపు అన్నాను. చూస్తే ర్యామ్ సగం ఖాళీ. సీపీయూ వరుసలో అన్నిటికంటే పైన ఉన్నది యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్, అంటే విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్, విండోస్ డిఫెండర్.

అందుకే ముందు కొలవండి. బిల్డ్ నడుస్తుండగా సీపీయూ, మెమరీ, డిస్క్‌లలో ఏది నిండిపోతోందో చూసి, మొత్తం ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. ఒకసారికి ఒకటే మార్చండి, నాలుగూ కలిపి మారిస్తే దేనివల్ల బాగుపడిందో ఎప్పటికీ తెలియదు.

మావాడు డబ్ల్యూఎస్ఎల్2 (విండోస్ లోపలే లినక్స్ నడిపే సదుపాయం) వాడుతూ ప్రాజెక్టును మాత్రం సి డ్రైవ్‌లో పెట్టుకున్నాడు. లినక్స్ వైపు నుంచి విండోస్ ఫైలు తెరిచిన ప్రతిసారీ ఒక సిస్టమ్ దాటి ఇంకో సిస్టమ్‌లోకి వెళ్ళి రావాలి. పెద్ద ఫైలు ఒక్కటైతే తేడా తెలియదు గానీ నోడ్ మాడ్యూల్స్‌లో (జావాస్క్రిప్ట్ ప్రాజెక్టు వాడే ప్యాకేజీలుండే ఫోల్డర్) వేలకు వేలు చిన్న ఫైళ్ళుంటాయి, పైగా డిఫెండర్ వాటిని ఆపి మరీ చూస్తుంది. గిట్‌లో పుష్ చేయనివన్నీ (సర్వర్‌కి పంపనివన్నీ) పుష్ చేయించి, లినక్స్ హోమ్ ఫోల్డర్‌లో రిపోను, అంటే ప్రాజెక్టు మొత్తాన్ని, మళ్ళీ క్లోన్ (కాపీ) చేయించాను, ప్యాకేజీలు అక్కడే కొత్తగా ఇన్‌స్టాల్ చేశాడు. అంతకుముందు ఎంటర్ కొట్టి ఎదురుచూడాల్సిన గిట్ స్టేటస్ (ఏ ఫైళ్ళు మారాయో చూపే కమాండ్) జవాబు, కీ మీద నుంచి వేలు తీసేలోపే వచ్చేసింది.

నేరుగా విండోస్‌లోనే పనిచేసేవాళ్ళకు విండోస్ 11లో కోడ్ ప్రాజెక్టుల కోసం విడిగా పెట్టుకునే డెవ్ డ్రైవ్ ఉంది, కనీసం 50 జీబీ జాగా కావాలి. అక్కడ డిఫెండర్ ఫైలు తెరవనిచ్చి తర్వాత స్కాన్ చేస్తుంది. ప్రాజెక్టు ఫోల్డర్‌ని స్కాన్ నుంచే తీసేయమని చాలామంది చెప్తారు, నాకది నచ్చదు, ఎవరో రాసిన ప్యాకేజీలు దిగేది ఆ ఫోల్డర్‌లోకే కదా. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఐటీ వాళ్ళని అడక్కుండా ఈ రెండూ ముట్టుకోవద్దు.

కోడ్ రాసుకునే వీఎస్ కోడ్ ఒక్కటే నత్తనడక నడుస్తుంటే కమాండ్ ప్యాలెట్‌లో ఎక్స్‌టెన్షన్ బైసెక్ట్ నడపండి. అది సగం సగం ఎక్స్‌టెన్షన్లు (మనం అదనంగా వేసుకున్న ప్లగిన్లు) ఆపుతూ పోతుంది, ఇరవై ఉన్నా ఐదారు రౌండ్లలో దొంగ దొరుకుతాడు.

జావా, ఆండ్రాయిడ్ ప్రాజెక్టుల బిల్డ్ నడిపే గ్రేడిల్ సంగతి వేరు. మనమేమీ చెప్పకపోతే దాని డీమన్ (వెనకాల నడిచే ప్రోగ్రామ్) 512 ఎంబీ హీప్‌తోనే (అది వాడుకోగల మెమరీతోనే) నెట్టుకొస్తుంది. గ్రేడిల్ ప్రాపర్టీస్ ఫైల్లో 16 జీబీ మెషిన్‌కి 4 జీబీ, 8 జీబీ మెషిన్‌కి 2 జీబీ ఇచ్చి, బిల్డ్ క్యాష్ (పాత ఫలితాల్ని మళ్ళీ వాడుకోవడం), పారలల్ (పనులు ఒకేసారి నడపడం) రెండూ ఆన్ చేయండి. వాటంతటవే ఆన్ అవ్వవు.

ఇదంతా చేశాక కూడా మెమరీ నిండుతుంటే అప్పుడు నిజంగానే ఎస్పీ రోడ్డు. బయల్దేరేముందు మోడల్ నంబర్ వెతికి ర్యామ్ బోర్డుకే అతికించి ఉందా, ఖాళీ స్లాట్ ఉందా, ర్యామ్ రకం డీడీఆర్4నా డీడీఆర్5నా చూసుకోండి, ఒకదాని స్లాట్‌లో ఇంకోటి పట్టదు.