వెలుగుతో బొమ్మలు – 3వ పాఠం: గీత వెలుగు, గది వెలుగు

గత పాఠంలో కెమెరాను ట్రైపాడ్‌కు బిగించి, ఫోకస్‌ను మాన్యువల్‌లోకి మార్చి, కెమెరాలోకి వెలుగును వదిలే తెర అయిన షట్టర్‌ను 30 సెకన్లు తెరిచి ఉంచడం నేర్చుకున్నాం. ఇప్పుడు చీకటి గదిలో ఆ తెరిచిన షట్టర్ ముందు టార్చి కదుపుతాం. టార్చి కదిలిన దారి ఫొటోలో వెలుగు గీతగా పడుతుంది. కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువగా తికమక పడేది ఇక్కడే. గీత మసకగా వచ్చిందని సమయం పెంచుతారు. గీత మాత్రం అలాగే ఉండిపోయి, వెనుకనున్న గోడ తెల్లబడుతుంది. దీనికి కారణం అర్థమైతే ఇకపై సెట్టింగులను కంఠస్థం చేయవలసిన అవసరం ఉండదని నా గట్టి నమ్మకం. అందుకే ఈ పాఠం మొత్తం ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను.

గోడ కదలదు. కాబట్టి షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ గోడ మీది వెలుగు, కెమెరాలో వెలుగును నమోదు చేసే సెన్సర్‌పై ఒకే చోట పోగవుతూ ఉంటుంది. 15 సెకన్లను 30 చేస్తే అది రెట్టింపవుతుంది. టార్చి వెలుగు అలా కాదు. అది సెన్సర్‌పై ఒక్కో బిందువు దగ్గర సెకనులో ఏ కొద్ది భాగమో నిలిచి ముందుకు సాగిపోతుంది, ఆ తరువాత షట్టర్ ఎంతసేపు తెరిచి ఉన్నా ఆ బిందువుకు టార్చి నుంచి కొత్తగా చేరేదేమీ ఉండదు. అందుచేత ఒకే టార్చి వాడుతున్నంతవరకు గీత ఎంత వెలుగుతో పడుతుందో తేల్చేవి మూడు: ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు లోపలికి వచ్చే రంధ్రం), ఐఎస్ఓ (అందిన వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే సంఖ్య), చేయి కదిలే వేగం. గది వెలుగును తేల్చేవి ఎపర్చర్, ఐఎస్ఓ, షట్టర్ సమయం. గీత పలచగా ఉంటే ఎపర్చర్‌ను ఎఫ్ 11 నుంచి ఎఫ్ 8కి తెరవండి (ఎఫ్ సంఖ్య తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది), లేదా చేతిని నెమ్మదిగా కదపండి. గది ఎక్కువగా కనిపిస్తుంటే సమయాన్ని తగ్గించండి. ఆ తగ్గించిన సమయంలో బొమ్మ గీయడం పూర్తయితే చాలు, గీతకు ఏ నష్టమూ ఉండదు. చాలా ఫోన్లలో ఎపర్చర్ మారదు కనుక, ఫోన్ వాడేవారు సెట్టింగులను మనమే మార్చుకునే ప్రో మోడ్‌లో ఐఎస్ఓతోనూ చేతి వేగంతోనూ సర్దుకోవాలి.

మొదటి అభ్యాసం ఖాళీ గదిని తీయడం. రాత్రి కిటికీకి మందపాటి దుప్పటి కట్టి, లైట్లు ఆర్పి, ఐఎస్ఓ 100, ఎఫ్ 8, 30 సెకన్లతో ఏమీ గీయకుండా ఒక ఫొటో తీయండి. వైఫై పెట్టె, ఇన్వర్టర్, టీవీ, స్విచ్‌బోర్డు ఇండికేటర్ వంటి చిన్నచిన్న దీపాలు మనం రోజూ గమనించం, కానీ 30 సెకన్లలో అవి గోడ మూలను పచ్చగానో ఎర్రగానో మార్చేస్తాయి. ఫొటోలో ఏ దీపం బయటపడితే దాని మీద నల్ల టేపు ముక్క అంటించండి. ఫ్రేమ్ పూర్తిగా నల్లగా వచ్చేవరకు రెండో అభ్యాసానికి వెళ్లవద్దు.

రెండో అభ్యాసానికి అగరుబత్తి చాలు. వెలిగించి, మంట ఆర్పి, నిప్పుకణిక మాత్రం మిగలనివ్వండి. అది చాలా చిన్న వెలుగు కనుక ఐఎస్ఓ 400, ఎఫ్ 4తో మొదలుపెట్టి, కెమెరాకు సుమారు 1.5 మీటర్ల దూరంలో నిలబడి గాలిలో పెద్ద సున్నా చుట్టండి. సున్నాలో సగాన్ని నెమ్మదిగా, మిగతా సగాన్ని వేగంగా తిప్పండి. నెమ్మదిగా తిప్పిన వైపు గీత నారింజ రంగులో నిండుగా, వేగంగా తిప్పిన వైపు వెంట్రుకంత సన్నగా, ముదురు ఎరుపులో కనిపిస్తుంది. పైన చెప్పిన సూత్రమంతా ఆ ఒక్క సున్నాలో కంటికి కనిపిస్తుంది. బూడిద పేరుకుంటే వెలుగు తగ్గుతుంది కాబట్టి ప్రతి ఫొటోకు ముందు దాన్ని రాల్చండి. కర్టెన్లకు, పరుపులకు దూరంగా ఉండండి.

మూడో అభ్యాసం టార్చితో అక్షరాలు రాయడం. టార్చి ముఖానికి నల్ల చార్టుతో మూత చేసి, మధ్యలో పెన్సిల్ దూరేంత రంధ్రం పెట్టి, దానిపై ట్రేసింగ్ పేపర్ అంటించండి. లేకపోతే గీత అంచులు చెదురుతాయి. మన లిపిలో చాలా అక్షరాలు ఒకే వంపులో సాగుతాయి కనుక ఈ పనికి బాగా ఒదుగుతాయి. తలకట్టు లేని ల, బ వంటి అక్షరాలతో మొదలుపెట్టండి. క, త వంటివాటికి అక్షరం రాశాక రంధ్రాన్ని బొటనవేలితో మూసి, చేతిని పైకి తెచ్చి, వేలు తీసి తలకట్టు పెట్టాలి. వేలు మూయకపోతే ఆ ప్రయాణం కూడా గీతగా పడుతుంది. కెమెరావైపు తిరిగి రాసింది అద్దంలో చూసినట్లు తిరగబడి వస్తుంది. ఫొటోను ఎడిటింగ్‌లో కుడి ఎడమలు తారుమారయ్యేలా తిప్పితే (ఫ్లిప్) సరిపోతుంది.

కొన్ని టార్చీలను తక్కువ వెలుగులో పెడితే గీత ముక్కలు ముక్కలుగా పడుతుంది. ఆ టార్చి కంటికి తెలియనంత వేగంగా ఆరుతూ వెలుగుతుండడమే అందుకు కారణం. పూర్తి వెలుగులో పెడితే సాధారణంగా గీత అతుక్కుంటుంది, కానీ ఈ ముక్కలు పనికొచ్చేవే. ముక్కల మధ్య దూరం ఎక్కువైన చోట చేయి తొందరపడిందని అర్థం. 1910లలో అమెరికాలో గిల్‌బ్రెత్ దంపతులు సరిగ్గా ఈ పద్ధతిలోనే, పనివారి వేళ్లకు ఆరి వెలిగే చిన్న బల్బులు కట్టి ఫొటోలు తీసి, చేతుల కదలికను, వేగాన్ని లెక్కగట్టారు. మీ చేతి నడకను మీరే పరిశీలించుకోవడానికి ఇంతకన్నా మంచి సాధనం నాకు కనిపించలేదు.

గీసేవారు కూడా ఫొటోలో కనిపించాలంటే షట్టర్ తెరిచి ఉండగా వారిపై ఒక్కసారి ఫ్లాష్ వెలగాలి. 1949లో లైఫ్ పత్రిక కోసం ఫొటోగ్రాఫర్ జోన్ మిలీ తీసిన ఫొటోల్లో, చిత్రకారుడు పికాసో చీకటిలో చిన్న దీపంతో గాలిలో గీసిన బొమ్మలతో పాటు ఆయన రూపం కూడా స్పష్టంగా కనిపించడం ఇలాగే సాధ్యమైంది. ఫ్లాష్ పడిన ఆ క్షణం తప్ప మిగతా సమయమంతా మనిషి చీకటిలోనే ఉంటాడు కనుక రూపం చెదరదు. మీ కెమెరాలో రియర్ కర్టెన్ ఫ్లాష్ ఉంటే దాన్ని ఎంచుకుని, బొమ్మ పూర్తయ్యాక కదలకుండా నిలబడండి. ఎక్స్‌పోజర్ చివర్లో ఫ్లాష్ దానంతటదే వెలుగుతుంది. ముదురు రంగు దుస్తులు వేసుకుని, టార్చి వెలుగు మీ మీద పడకుండా చూసుకోవాలి.

వచ్చే పాఠంలోగా ఒకే అక్షరాన్ని ఎఫ్ 5.6, ఎఫ్ 8, ఎఫ్ 11లతో, చేతి వేగం మార్చకుండా రాసి, ఆ మూడు ఫొటోలను దిద్దకుండా భద్రపరచండి. నాలుగో పాఠంలో టార్చిని కెమెరావైపు కాక ఇత్తడి దీపపు కుందె మీదికి తిప్పి, దాని వంపులకు ఏ కోణం నుంచి వెలుగు వేయాలో చూసేటప్పుడు ఆ మూడింటిలో మీకు సరిపోయిన ఎపర్చర్‌తోనే మొదలుపెడతాం.