కాలేజ్ ఫుట్‌బాల్‌లో డిఫెన్స్ కోచ్ అవ్వాలంటే ఏ దారిలో వెళ్లాలి

మా మేనల్లుడు టెక్సాస్‌లో హైస్కూల్‌లో లైన్‌బ్యాకర్‌గా (డిఫెన్స్‌లో ముందు వరస వెనక నిలబడేవాడు) ఆడేవాడు, మోకాలు దెబ్బతిని ఆట ఆగిపోయింది, కానీ ఆట మీద ప్రేమ మాత్రం పోలేదు, కోచ్ అవుతానన్నాడు. మెడిసిన్ సీటు ఎలా వస్తుందంటే చెప్పేవాళ్లు మనలో వందమంది ఉంటారు, దీనికి అడుగుదామంటే ఒక్కళ్లూ దొరకలేదు. వాడి వెనకే ఉండి నాలుగేళ్లలో తెలుసుకున్నది రాస్తున్నా, అమెరికాలో ఇలాంటి పిల్లలున్న ఇళ్లకి పనికొస్తుందని. సాకర్ కాదండీ, హెల్మెట్ పెట్టుకుని ఆడే ఫుట్‌బాల్ గురించి. ఇందులో బంతి తీసుకెళ్లే జట్టు ఆఫెన్స్, ఆపే జట్టు డిఫెన్స్, ఒక్కో ప్రయత్నాన్ని ప్లే అంటారు.

ముందు ఒక భయం తీసేస్తా. కాలేజ్‌లో ఆడకపోతే కోచ్ అవ్వలేమా అంటే అవ్వొచ్చు. డేవ్ అరాండా అనే కోచ్ గాయాల వల్ల కాలేజ్‌లో ఆడలేదు, కాల్ లూథరన్ అనే చిన్న కాలేజ్‌లో చదువుకుంటూనే కోచింగ్‌లోకి దిగాడు, తర్వాత టెక్సాస్ టెక్‌లో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ (మాస్టర్స్ చదువుతూ కోచ్‌లకి సాయం చేసేవాడు), అలా పైకొచ్చి విస్కాన్సిన్‌లో, ఎల్‌ఎస్‌యూలో (లూయిజియానా స్టేట్ యూనివర్సిటీ) డిఫెన్సివ్ కోఆర్డినేటర్, అంటే డిఫెన్స్ మొత్తం చూసుకునే కోచ్, అయ్యాడు. 2019 సీజన్‌లో ఎల్‌ఎస్‌యూ నేషనల్ ఛాంపియన్ అయినప్పుడు డిఫెన్స్ నడిపింది ఆయనే. 2020లో బేలర్ యూనివర్సిటీకి హెడ్ కోచ్‌గా వెళ్లాడు. ఆడిన అనుభవం ఉంటే మంచిదే, తలుపు త్వరగా తెరుచుకుంటుంది, కానీ లోపలికెళ్లాక చూసేది నీకు ఆట ఎంత అర్థమైంది, అర్థమైంది ఇంకొకడికి చెప్పగలవా అన్నదే.

అందుకని మొదటి పని ఇంట్లోనే మొదలుపెట్టండి. శనివారం మ్యాచ్ వస్తే సౌండ్ తీసేసి బంతిని చూడటం మానెయ్యండి, ఆఫెన్స్ లైన్‌లో సెంటర్‌కి (బంతిని వెనక్కి అందించేవాడు) రెండు పక్కలా ఉండే గార్డ్‌లని మాత్రమే చూడండి. కబడ్డీలో మంచి కార్నర్ రైడర్ మొహం చూడడు, కాళ్లు చూస్తాడు కదా, ఇదీ అంతే. గార్డ్ హెల్మెట్ కిందకి దిగి ముందుకొస్తే చాలావరకు రన్ (బంతి పట్టుకుని పరుగు), పైకి లేచి వెనక్కి జరిగితే పాస్ (బంతి విసరడం), పక్కకి తిరిగి పరిగెత్తాడా లైన్‌బ్యాకర్ కూడా ఆ వైపే పోవాలి. ఒక్కో మ్యాచ్‌కి ఒక ఇరవై ప్లేలు నోట్‌బుక్‌లో రాసుకోండి, ఎన్నో డౌన్ (పది గజాలు పోవడానికి ఇచ్చే నాలుగు అవకాశాల్లో ఎన్నోది), ఇంకా ఎన్ని గజాలు కావాలి, గార్డ్ ఏం చేశాడు, ఏమైంది. రెండు నెలలు చేస్తే కళ్లు మారిపోతాయి, నేనే చేసి చూశాను.

రెండోది, యూనివర్సిటీలో చేరిన మొదటి సెమిస్టర్‌లోనే ఫుట్‌బాల్ ఆఫీస్‌కి మెయిల్ పెట్టాలి, స్టూడెంట్ మేనేజర్‌గానో స్టూడెంట్ అసిస్టెంట్‌గానో ఏ పనైనా చేస్తానని. జవాబు రాకపోతే మళ్లీ పెట్టాలి, మా వాడికి మూడో మెయిల్‌కి వచ్చింది. జనవరి ఫిబ్రవరుల్లో అడిగితే నయం, సీజన్ మధ్యలో అయితే వాళ్లకి మెయిల్ తెరిచే తీరిక ఉండదు. మొదట బంతులు మోయిస్తారు, కోన్‌లు పెట్టిస్తారు, తెల్లారకముందే రమ్మంటారు. అది చిన్నతనం అనుకోవద్దు, ఆ గదిలో ఉండటమే ముఖ్యం.

అసలు చదువు ఫిల్మ్ గదిలో ఉంటుంది, దీని గురించి కొంచెం ఎక్కువే చెప్తా ఎందుకంటే పిల్లలు ఇక్కడే నిలబడతారు లేదా వదిలేసి పోతారు. వచ్చే వారం ప్రత్యర్థి పాత మ్యాచ్‌లు నాలుగైనా తీస్తారు, ఒక్కో మ్యాచ్‌లో ఆఫెన్స్ ప్లేలు అరవై డెబ్బై ఉంటాయి, ప్రతి ప్లేకీ డౌన్, దూరం, బంతి ఏ హాష్ (మైదానం మధ్యలో ఉండే చిన్న గీతల వరస) మీద ఉంది, ఫార్మేషన్ (నిలబడే తీరు) ఏంటి, ఎంతమంది బ్యాక్‌లు (వెనక నుంచి బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్లు) ఎంతమంది టైట్ ఎండ్‌లు (లైన్ చివర నిలబడి అడ్డుకోవడం, పాస్ పట్టడం రెండూ చేసేవాళ్లు) అని ట్యాగ్ చెయ్యాలి. అక్టోబర్‌లో ఒకసారి నేను వాడి రూమ్‌లో ఉన్నా, ఆదివారం రాత్రి, ఒకే క్లిప్ పది సార్లు వెనక్కి తిప్పుతున్నాడు. ఏంట్రా అంటే "చూడు మావయ్యా, బ్యాక్ కాళ్లు చూడు" అన్నాడు. బ్యాక్ క్వార్టర్‌బ్యాక్‌కి (బంతి విసిరేవాడు) సరిగ్గా పక్కనే నిలబడితే పాస్ వేస్తున్నారు, అర అడుగు వెనక్కుంటే రన్. నిజమా కాదా అని మళ్లీ మొదటి క్లిప్ నుంచి అన్నీ చూశాడు, రెండయ్యింది. పొద్దున్న కోచ్‌కి చెప్తే ఆయన అడ్డంగా నాలుగు ప్రశ్నలేసి, నిజమే అని తేలాక ఆ వారం లైన్‌బ్యాకర్ల మీటింగ్‌లో బోర్డు మీద రాశారంట. వాడికి ఆ రోజు ఫోన్‌లో సంతోషంతో మాట ఆగలేదు. మీకూ ఏదైనా కనపడితే ఒక్క క్లిప్ చూసి పరిగెత్తొద్దు, అన్నీ లెక్కపెట్టి ఎన్నిసార్లలో ఎన్నిసార్లు అని చెప్పండి, అప్పుడే నమ్ముతారు.

దీంతో పాటు స్కౌట్ కార్డులు గీయడం నేర్చుకోవాలి. ప్రాక్టీస్‌లో మన రెండో జట్టు కుర్రాళ్లు ప్రత్యర్థిలా ఆడి చూపిస్తారు, వాళ్లకి ప్లే బొమ్మ గీసి ఎత్తి పట్టుకునేది మీరే, గీత తప్పితే పదకొండు మంది తప్పు ప్రాక్టీస్ చేస్తారు. పెద్ద అక్షరాలు, లావు స్కెచ్ పెన్, ఎవరు ఎటు పోవాలో ఒక్క చూపులో తెలియాలి.

డిగ్రీ అయ్యాక గ్రాడ్యుయేట్ అసిస్టెంట్, దీన్నే జీఏ అంటారు. మాస్టర్స్ చదువుతూ చేసేది, మామూలుగా ఫీజు కడతారు, చేతికి కొంచెం డబ్బు ఇస్తారు. నిక్ సాబన్ కూడా కెంట్ స్టేట్‌లో 1973లో జీఏగానే మొదలయ్యాడు. ఇండియా నుంచి ఎఫ్‌-1 స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లయితే జాగ్రత్త, సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్ ఉద్యోగం వారానికి 20 గంటలు దాటకూడదు, ఈ పని గంటలు చూసుకోదు, కాబట్టి ఒప్పుకునే ముందే ఇంటర్నేషనల్ ఆఫీస్‌లో అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

జీఏ తర్వాత క్వాలిటీ కంట్రోల్ లేదా అనలిస్ట్ (ఫిల్మ్ చూసి కోచ్‌లకి సమాచారం తయారుచేసే ఉద్యోగాలు), తర్వాత కార్నర్‌లకో (పాస్ పట్టేవాళ్లని కాచేవాళ్లు) లైన్‌బ్యాకర్లకో పొజిషన్ కోచ్, ఆ తర్వాత కోఆర్డినేటర్. ఇదివరకు అనలిస్ట్‌లు మైదానంలో కుర్రాళ్లకి నేర్పడానికి వీల్లేదు, 2024లో కాలేజ్ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఆ రూల్ తీసేసింది, కొత్తగా వచ్చేవాళ్లకి ఇది పెద్ద అవకాశం, నేర్పే చోటు ముందే దొరుకుతుంది. నేర్పేటప్పుడు మాత్రం తక్కువ మాట్లాడండి. 2024 నుంచే పెద్ద డివిజన్‌లో డిఫెన్స్‌లో ఒకడి హెల్మెట్‌లోకి కోచ్ మాట వెళ్తుంది, ప్లే క్లాక్ (తర్వాతి ప్లే మొదలుపెట్టడానికి ఇచ్చే సమయం) 15 సెకన్లకి రాగానే కట్ అయిపోతుంది, ఆ తర్వాత కుర్రాడికి మిగిలేది మీరు వారమంతా చెప్పింది మాత్రమే.

ఎంతకాలం పడుతుందంటే ఇద్దరిని చూడండి. బ్రెంట్ వెనబుల్స్ కాన్సాస్ స్టేట్‌లో ఆడి, 1993లో అక్కడే జీఏగా మొదలై, ఓక్లహామా, తర్వాత 2012 నుంచి క్లెమ్సన్‌లో డిఫెన్స్ నడిపి, 2021 డిసెంబర్‌లో ఓక్లహామా హెడ్ కోచ్ అయ్యాడు. బడ్ ఫోస్టర్ వేరే రకం, మర్రే స్టేట్‌లో 1981లో మొదలై హెడ్ కోచ్ ఫ్రాంక్ బీమర్‌తో పాటే 1987లో వర్జీనియా టెక్‌కి వచ్చి 2019 సీజన్ దాకా అక్కడే ఉండిపోయాడు, కష్టపడే డిఫెన్స్‌కి గుర్తుగా పాత లంచ్ డబ్బా ఒకటి ఆయన కుర్రాళ్లు మైదానానికి మోసుకెళ్లేవాళ్లు. ఉత్తమ అసిస్టెంట్ కోచ్‌కిచ్చే బ్రాయిల్స్ అవార్డ్ ఫోస్టర్‌కి 2006లో, వెనబుల్స్‌కి 2016లో వచ్చింది. నాకు ఫోస్టర్ దారే ఇష్టం, కానీ అది చాలా తక్కువమందికి దొరుకుతుంది. ఎక్కువమంది ఊళ్లు మారుతూనే ఉంటారు, హెడ్ కోచ్‌ని తీసేస్తే కింద ఉన్నవాళ్లందరూ సామాన్లు సర్దుకోవాల్సిందే, మీ డిఫెన్స్ బాగా ఆడినా సరే. అందుకే జనవరిలో జరిగే కోచ్‌ల అసోసియేషన్ కన్వెన్షన్‌కి జీఏగా ఉన్నప్పటినుంచే వెళ్లండి, ఉద్యోగాల మాటలు ఎక్కువ నడిచేది అక్కడి హోటల్ లాబీలోనే.

డబ్బు సంగతి, పెద్ద స్కూళ్లలో కోఆర్డినేటర్లకి ఏడాదికి మిలియన్ డాలర్లు దాటి ఇస్తారు, కానీ మొదటి కొన్నేళ్లు అద్దెకే కష్టం, ఇంట్లోవాళ్లు సాయం చేస్తామంటే మొహమాటపడకుండా తీసుకోండి. మొదటి ఉద్యోగం వచ్చిన ఊళ్లో ఇల్లు కొనొద్దు. సంబంధాలు చూసేటప్పుడు కూడా ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా ఇంట్లో ఉండడని, మూడేళ్లకో ఊరు మారాల్సి రావొచ్చని అమ్మాయికి అబ్బాయే నేరుగా ముందే చెప్పాలి, పెద్దవాళ్లం చెప్పడం కాదు.