ప్రైవేట్ మెయిల్‌బాక్స్ దరఖాస్తు: ఫారం 1583లో రెండో పత్రం దగ్గరే చిక్కు

అమెరికాలో తరచుగా ఇల్లు మారవలసి వచ్చే విద్యార్థులు, ఇంటి చిరునామా నలుగురికీ తెలియకుండా చిన్న వ్యాపారం నడుపుకోదలచినవారు పార్సిల్, ప్రింటింగ్, నోటరీ సేవలు ఒకేచోట దొరికే దుకాణాల్లో తమ ఉత్తరాలు అందుకొనేందుకు మెయిల్‌బాక్స్ అద్దెకు తీసుకోవడం పరిపాటి. ఒకే బోర్డు కింద కనిపించే ఈ దుకాణాల్లో చాలావాటికి వేర్వేరు యజమానులు ఉంటారు, సిబ్బంది కూడా తరచుగా మారుతుంటారు. అందువల్ల ఒక దుకాణంలో చెల్లిన పత్రం మరో దుకాణంలో చెల్లదంటారు, ఉదయం కుదరదన్న పనిని సాయంత్రం వేరొక ఉద్యోగి చేసిపెడతారు. ఇలా రెండు మూడు సార్లు తిరిగి విసిగిపోయి, డబ్బు తీసుకొని ఫారం నింపిపెడతామనే వెబ్‌సైట్లను ఆశ్రయించినవారిని నేను చూశాను. అందుకు అవసరం లేదు. దుకాణదారు ఎవరైనా, పాటించవలసిన నిబంధన అమెరికా తపాలా శాఖ యూఎస్‌పీఎస్‌ది. అది అన్ని చోట్లా ఒక్కటే.

దరఖాస్తు పేరు పీఎస్ ఫారం 1583. మీకు వచ్చే ఉత్తరాలను మీ తరఫున తీసుకునే అధికారాన్ని దుకాణానికి ఇస్తున్నట్లు మీరు తపాలా శాఖకు తెలియజేసే పత్రమిది. యూఎస్‌పీఎస్ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతుంది. పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, వ్యాపారమైతే దాని వివరాలు నింపడం ఎవరికైనా వచ్చిన పనే. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఏ గడిలో, ఎలా ఉందో ఫారంలోనూ అలాగే రాయండి. మనవాళ్లలో కొందరి పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, మరికొందరి లీజులో పొడి అక్షరాలే ఉంటాయి. రెండు పత్రాల్లో పేరు రెండు రకాలుగా కనిపిస్తే కౌంటరు దగ్గర అనుమానం మొదలవుతుంది.

అసలు ఇబ్బంది గుర్తింపు పత్రాల దగ్గర వస్తుంది. రెండు పత్రాలు చూపించాలి. మొదటిది ఫోటో ఉన్న గుర్తింపు. పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, రాష్ట్ర గుర్తింపు కార్డు, గ్రీన్‌కార్డు వంటివి సరిపోతాయి. ఇది దాదాపు అందరి దగ్గరా ఉంటుంది. రెండోది మీరు ఫారంలో రాసిన ఇంటి చిరునామాను రుజువు చేసేది. వెనుదిరిగేవారిలో ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. ఈ రెండో పత్రానికి ఒప్పుకొనేవి కొన్నే: అమల్లో ఉన్న ఇంటి లీజు, ఇంటి రుణ పత్రం, ఓటరు కార్డు, వాహన రిజిస్ట్రేషన్, ఇంటి లేదా వాహన బీమా పాలసీ, ప్రస్తుత చిరునామా ఉన్న డ్రైవింగ్ లైసెన్సు లేదా రాష్ట్ర గుర్తింపు కార్డు. కరెంటు బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంటు మరెన్నో చోట్ల చిరునామా రుజువుగా పనికివస్తాయి కాబట్టి చాలామంది వాటినే వెంట తెస్తారు, కానీ అవి ఈ జాబితాలో లేవు. సోషల్ సెక్యూరిటీ కార్డు, క్రెడిట్ కార్డు, జనన ధ్రువీకరణ పత్రం కూడా చెల్లవు. ఒక దుకాణంలో ఎవరో బ్యాంకు స్టేట్‌మెంటుతో పని కానిచ్చారని విని దాని మీద ఆధారపడకండి.

నలుగురైదుగురు కలిసి ఉండే ఇంట్లో లీజు ఒకరి పేరు మీదే ఉండటం మనవారిలో సర్వసాధారణం. మిగతావారి దగ్గర ఆ చిరునామాతో చూపడానికి ఒక్క కాగితమూ ఉండదు. స్నేహితుడి లీజు చూపిస్తే సరిపోతుందని కొందరు భరోసా ఇస్తారు. అందులో మీ పేరు లేనప్పుడు అది మీ చిరునామాకు రుజువు కాదు. దీనికి రెండు దారులున్నాయి. అపార్ట్‌మెంట్ లీజింగ్ ఆఫీసును అడిగి లీజులో మీ పేరు చేర్పించుకోవడం మొదటిది. ఇంటి విషయంలో రేపు ఏ వివాదం వచ్చినా అది మీకు రక్షణగా కూడా ఉంటుంది. లైసెన్సులు, వాహన రిజిస్ట్రేషన్లు చూసే రాష్ట్ర కార్యాలయమైన డీఎంవీలో రాష్ట్ర గుర్తింపు కార్డు గాని డ్రైవింగ్ లైసెన్సు గాని తీసుకోవడం రెండోది. చాలా రాష్ట్రాల్లో డీఎంవీలు బ్యాంకు స్టేట్‌మెంటును చిరునామా రుజువుగా అంగీకరిస్తాయి కనుక, ఇక్కడ చెల్లని కాగితం అక్కడ పనికివచ్చి, అక్కడ వచ్చిన కార్డు ఇక్కడ చెల్లుతుంది. ఒకే కార్డును రెండు పత్రాలుగా లెక్కించరు. పాస్‌పోర్టు ఫోటో గుర్తింపుగా, లైసెన్సు చిరునామా రుజువుగా చూపితే ఏ కౌంటరులోనూ వాదనకు తావుండదు.

ఇంటి దగ్గరే సంతకం చేసి తీసుకువెళ్లకండి. దుకాణం తరఫున అధికారం ఉన్న ఉద్యోగి ఎదుట గాని, నోటరీ ఎదుట గాని సంతకం చేయాలన్నది నిబంధన. ఉద్యోగి ఎదుట సంతకం చేసినప్పుడు తపాలా శాఖ విడిగా నోటరీ అడగదు. అయినా నోటరీ రుసుము కట్టమంటే, అది తపాలా శాఖ నిబంధనా, దుకాణం సొంత షరతా అని మర్యాదగా అడగండి. ఫారంతో పాటు ఉండే సూచనల పేజీలో చెల్లే పత్రాల జాబితా ఉంటుంది. దాన్ని ప్రింటు తీసి చేతిలో ఉంచుకోండి. అవతలివారు కొత్తగా చేరిన ఉద్యోగి అయితే ఆ పేజీ వారికీ ఉపయోగపడుతుంది. నింపిన ఫారం నకలు అడిగి తీసుకోండి.

బాక్స్ చేతికి వచ్చాక చిరునామాలో దుకాణం వీధి చిరునామాతో పాటు పీఎంబీ (ప్రైవేట్ మెయిల్‌బాక్స్) అనే అక్షరాలో, హ్యాష్ (#) గుర్తో పెట్టి బాక్స్ సంఖ్య రాయాలి. కొందరు సిబ్బంది సూట్ అనో అపార్ట్‌మెంట్ అనో రాసుకోమని సలహా ఇస్తారు; అది నిబంధనకు విరుద్ధం, ఉత్తరాలు వెనక్కి వెళ్లే అవకాశం ఉంది. వీసా మీద ఉన్నవారు మరో సంగతి గమనించాలి. ఇల్లు మారిన 10 రోజుల్లో ప్రభుత్వానికి తెలియజేయవలసింది నివసించే ఇంటి చిరునామాయే. మెయిల్‌బాక్స్ చిరునామాను నివాసంగా చూపకూడదు. ఎఫ్-1 వీసా విద్యార్థుల వివరాలను ప్రభుత్వం నమోదు చేసే సెవిస్ రికార్డుకూ ఇదే వర్తిస్తుంది.

అద్దె, తాళంచెవి డిపాజిట్, గడువు పొడిగింపు వంటివి దుకాణంతో మీరు విడిగా చేసుకొనే ఒప్పందంలో ఉంటాయి, ఫారం 1583లో ఉండవు. ఆ ఒప్పందంలో ముగింపు షరతులను ముందే చదవండి, ఎందుకంటే బాక్స్ వదులుకున్నాక పోస్టాఫీసులో మామూలుగా ఇచ్చే చిరునామా మార్పు దరఖాస్తు ఇక్కడ పనిచేయదు. ఆ తరువాత 6 నెలల పాటు మీ ఉత్తరాలను కొత్త చిరునామాకు పంపవలసిన బాధ్యత దుకాణానిదే. పంపే ఖర్చు ఎవరు భరించాలో ఒప్పందంలో రాసి ఉందో లేదో చూసుకోండి. నిబంధన ప్రకారం పత్రాలన్నీ ఉన్నా ఒక దుకాణం ఒప్పుకోకపోతే, ఆ ప్రాంతానికి ఉత్తరాలు పంచే పోస్టాఫీసుకు వెళ్లి పోస్ట్‌మాస్టరును కలవండి. ఇలాంటి దుకాణం నడపాలంటే యజమాని సైతం ఫారం 1583-ఏ ద్వారా తపాలా శాఖకు దరఖాస్తు చేసుకోవలసిందే కనుక, మీ ప్రశ్నకు జవాబు చెప్పగలిగేవారు అక్కడ ఉంటారు.