విశాఖ తీరంలో పీతలు, పక్షుల మధ్య ఒక పూట నడక ఎలా చేయాలి?

ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా తీరం వెంట దాదాపు 30 కిలోమీటర్లు ఉంటుంది. ఆ దూరమంతా కాలినడకన పూర్తి చేసినవాళ్లున్నారు. మెచ్చుకోవాల్సిందే. అయితే దారిలో ఏం కనపడిందని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే: సముద్రం. ఇక్కడ చెప్పబోయే నడక అలాంటిది కాదు. మొత్తం మూడు నాలుగు కిలోమీటర్లకు మించదు, అందులో సగం సేపు కూర్చునే ఉంటారు. ఒడ్డున బతికే ప్రాణులు అడుగుల చప్పుడుకే దాక్కుంటాయి, మనిషి కదలకుండా ఉంటే కాసేపటికి మళ్లీ బయటికొస్తాయి. ప్రశాంతత కోసం కళ్లు మూసుకుని కూర్చోవడం అందరి వల్లా కాదు. ఒక పీత ఏం చేస్తోందో పావుగంట చూడటం మాత్రం ఎవరి వల్లనైనా అవుతుంది. ఆ పావుగంటలో ఆఫీసు సంగతి గుర్తుకు రాదు.

చోటు ఎంచుకోవడం

ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో కనపడే జంతుజాలం సవారీ గుర్రాలే. మనకు కావాల్సింది రాళ్లు, ఇసుక, కొండ మూడూ దగ్గరదగ్గరగా ఉండే చోటు. నా ఓటు మంగమారిపేటకి. అలల కోతకు సహజంగా ఏర్పడిన రాతి తోరణం ఉన్నది అక్కడే. రోడ్డు దాటితే ఎదురుగా తొట్లకొండ. బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్లే బస్సెక్కితే చాలు. ఊరు వదిలి అంత దూరం రాలేనివాళ్లకు తెన్నేటి పార్కు కింది రాళ్లు, జోడుగుళ్లపాలెం కూడా బాగానే ఉంటాయి.

నవంబరు చివరి నుంచి మార్చి దాకా మంచి కాలం. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్‌ను ఈ ఊళ్లో ఎవరూ మర్చిపోలేదు. ఏప్రిల్ దాటితే ఎనిమిది గంటలకే రాళ్లు కాలిపోతుంటాయి.

గడియారం కన్నా ముందు ఆటుపోట్లు చూడండి

ఈ నడకలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే. పోటు మీద వెళ్తే రాళ్లన్నీ నీళ్లలో ఉంటాయి. నీరు వెనక్కి తీసినప్పుడే రాళ్ల మధ్య గుంటలు బయటపడతాయి, చూడాల్సిందంతా ఆ గుంటల్లోనే ఉంది.

మన తీరంలో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఆరు గంటల పైచిలుకు. ఈ రోజు వచ్చిన వేళకు రేపు రాదు, సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో ఆటు వేళ నీరు బాగా వెనక్కి పోతుంది, అష్టమి ప్రాంతంలో ఆ తేడా తక్కువ. కాబట్టి గోడ మీది పంచాంగం క్యాలెండర్ ఇక్కడ బాగా అక్కరకొస్తుంది. తిథి చూసి వారం ఎంచుకోండి. ఆటు ఏ గంటకు పడుతుందో మాత్రం విశాఖపట్నం ఆటుపోట్ల పట్టికలో చూసుకోవాలి. మీరు కోరుకున్న రోజున అది అర్ధరాత్రి పడితే చేసేదేం లేదు, నాలుగైదు రోజులు ఆగండి, తెల్లవారుజాముకు జరుగుతుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రపు పరిస్థితి మీద సూచనలు ఇస్తుంది. పెద్ద అలల హెచ్చరిక ఉంటే ఆ రోజు ఇంట్లోనే ఉండండి.

ఆటు పూర్తయ్యే వేళకు గంటన్నర ముందే ఒడ్డుకు చేరాలి. నీరు తిరిగి రావడం మొదలవగానే రాళ్ల మీది నుంచి ఇసుక మీదికి వచ్చేయాలి. ఇంకో ఫోటో ఒకటి తీసుకుందామని ఆగకండి.

ఏం తీసుకెళ్లాలి

అడుగున బాగా పట్టున్న బూట్లు, తడిసినా పర్వాలేదనిపించేవి. హవాయి చెప్పులు వద్దే వద్దు. టోపీ, లీటరు నీళ్లు, సీసాలో మజ్జిగ. వస్తువుని 8 రెట్లు పెద్దది చేసి చూపే బైనాక్యులర్ ఉంటే పక్షులకు పనికొస్తుంది. లేకపోయినా నడక ఆగదు. చిన్న భూతద్దం మాత్రం తప్పకుండా పెట్టుకోండి, వెల తక్కువ, ఆనందం ఎక్కువ.

రాళ్ల మధ్య గుంట దగ్గర

పచ్చగా నాచు పట్టిన రాయి మీద కాలు పెట్టకండి, పొడిగా, గరుగ్గా ఉన్నదాని మీదే నడవండి. సముద్రానికి వీపు పెట్టి నిలబడొద్దు. చాపంత గుంట ఒకటి చూసుకుని, మీ నీడ నీటి మీద పడకుండా కూర్చోండి. మొదటి ఐదు నిమిషాలు ఏమీ ఉండదు. నీళ్లు, రాయి, కాస్త నాచు, అంతే. లేచి ఇంకో గుంటకు పోదామనిపిస్తుంది. పోకండి.

కాసేపటికి గుంట అడుగున ఒక గుల్ల నడుస్తుంది. నత్త అంత వేగంగా నడవదు కదా అని చూస్తే కింద కాళ్లుంటాయి: సన్యాసి పీత. దాని వెనక భాగం మెత్తన, సొంత పెంకు లేదు. చచ్చిన నత్తల గుల్లల్లో కాపురం ఉంటుంది, ఒళ్లు పెరిగినప్పుడల్లా ఇంకాస్త పెద్దది వెతుక్కుంటుంది. ఖాళీ గుల్ల దొరక్కపోతే ఇరుకింట్లోనే ఉండాలి. మనం సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చి షోకేసులో పెట్టేది దానికి దొరకాల్సిన ఇల్లే.

రాతికి అంటుకున్న తెల్లటి చిన్న చిన్న గోపురాల్లాంటివి బార్నకిల్స్. నత్తల్లా కనపడతాయి గానీ రొయ్యలకూ పీతలకూ చుట్టాలు. తలను రాతికి అతికించుకుని జీవితాంతం అక్కడే ఉంటాయి. నీళ్లలో మునిగి ఉన్నదాన్ని భూతద్దంతో చూడండి. పై తలుపులు తెరుచుకుని ఈకల్లాంటి కాళ్లు బయటికొచ్చి నీటిని చేదుకుంటూ ఉంటాయి. కాళ్లతో తిండి లాక్కునే ప్రాణి అది. పక్కనే రాతికి ముద్దలా అంటుకున్న జిగురు కనపడితే అది సీ అనిమోన్ కావచ్చు. నీరు పోయినప్పుడు ముడుచుకుంటుంది, నీరొస్తే పువ్వులా విప్పుకుంటుంది. పువ్వు కాదు, జంతువే, ఆ రేకుల్లాంటివాటితో కుట్టి చిన్న ప్రాణుల్ని పట్టి తింటుంది. వేలు పెట్టి చూడాలనిపిస్తుంది, మానుకోండి.

చిన్న రాయి ఎత్తి కింద చూస్తే చూడండి గానీ, ఎలా ఉన్నదాన్ని అలాగే తిరిగి పెట్టండి. రాయి తిరగేసి వదిలేస్తే కింది ప్రాణులు ఎండకు చస్తాయి, పైనున్నవి నలిగి చస్తాయి.

ఇలా వంగి కూర్చుంటే దారినపోయే జాలరి తాత ఎవరో ఒకరు ఆగి, “ఏటి బాబూ, ఏటి ఎతుకుతున్నారు?” అని అడగడం ఖాయం. సిగ్గుపడకుండా చెప్పండి, ఆయన్నీ అడగండి. ఈ రాళ్లు ఏ నెలలో ఎలా ఉంటాయో, నీరు ఎప్పుడు మారుతుందో ఆయనకు తెలిసినంత ఏ పట్టికకూ తెలియదు.

ఇసుక మీద

తడి ఇసుకకు కాస్త పైన బొరియలు, వాటి ముందు తోడిపోసిన ఇసుక కనపడితే అవి ఇసుక పీతలవి. కాడల మీద నిలబడ్డ కళ్లతో నాలుగు దిక్కులూ చూస్తాయి. మీరు పది అడుగుల దూరంలో ఉండగానే మాయమవుతాయి. బొరియకు కాస్త ఎడంగా కూర్చుని కదలకుండా ఉండండి. ముందు రెండు కళ్లు, తర్వాత ఒక డెక్క, ఆపైన మొత్తం పీత. ఇవి నేల మీద తిరిగేవే అయినా మొప్పలు తడిగా ఉండాలి, అందుకే మధ్య మధ్య నీటి అంచుకు పరిగెత్తి తడుపుకుని వస్తాయి. నేను చూసినంతలో పిల్లలకు ఇంతకన్నా నచ్చే ఆట లేదు, పైగా అరవకుండా ఆడాల్సిన ఆట.

తలెత్తితే పక్షులు. నల్ల కాళ్లకు పసుపు పాదాలున్న తెల్ల కొంగ కనపడితే ఆ పాదాలనే చూడండి, నీటిని కెలికి చేపల్ని బెదరగొట్టి పడుతుంది. తెల్లటి తల, ఇటుక రంగు ఒళ్లు ఉన్నది గరుడ పక్షి, వలలు లాగే చోట తప్పకుండా తిరుగుతుంది. చలికాలంలో గుంపుగా వాలే సీగల్స్‌లో చాలావరకు టిబెట్, లద్దాఖ్ లాంటి ఎత్తయిన పీఠభూముల చెరువుల దగ్గర గుడ్లు పెట్టి ఇక్కడికి దిగివచ్చినవే. వాటి పేరులో (బ్రౌన్-హెడెడ్ గల్) గోధుమ రంగు తల ఉన్నా, డిసెంబరులో తల తెల్లగానే ఉంటుంది, చెవి దగ్గర నల్ల మచ్చ తప్ప.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి, ఒక గూటిలో వంద దాకా. అటవీ శాఖ వాటిని సేకరించి హేచరీల్లో పొదిగిస్తుంది. సుమారు 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు వస్తాయి. ఇసుక మీద ట్రాక్టరు చక్రపు జాడ లాంటి గుర్తులు కనపడితే తొక్కకుండా పక్కకు తప్పుకుని అటవీ శాఖకు చెప్పండి. తాబేలు గానీ పిల్లలు గానీ ఎదురైతే టార్చి, ఫోన్ ఫ్లాష్ వేయొద్దు, వెలుతురు వాటికి దారి తప్పిస్తుంది. ఇక వలల్లోంచి విసిరేసిన సముద్రపు పాము ఒడ్డున పడి ఉంటే, చచ్చిందనిపించినా ముట్టుకోకండి. సముద్రపు పాములు విషపూరితం.

ఎంత ఉక్కపోసినా ఈతకు దిగొద్దు. విశాఖ తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు ఏటా ప్రాణాలు తీస్తున్నాయి.

కొండెక్కడం

నీరు తిరిగి వస్తోందంటే తొట్లకొండ ఎక్కే వేళయింది. పైదాకా రోడ్డుంది, ఎత్తు 130 మీటర్ల లోపే, తాపీగా ఎక్కవచ్చు. పైన బౌద్ధ ఆరామపు శిథిలాలు, వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్లు. 1976లో నౌకాదళం సర్వే చేస్తుండగా బయటపడ్డాయి. రెండు వేల ఏళ్ల కిందట భిక్షువులు ఈ చోటే ఎందుకు ఎంచుకున్నారో గాలి తగలగానే అర్థమవుతుంది. ఎక్కేటప్పుడు దారి వదిలి పొదల్లోకి పోకండి, రక్తపింజర్లు ఉండే నేల. గరుడ పక్షుల్ని కింది నుంచి కాకుండా మన కంటి ఎత్తులో చూసే అవకాశం ఇక్కడే.

ఇంటికొచ్చాక పేరు తెలియని ప్రాణుల ఫోటోలు ఐనాచురలిస్ట్ యాప్‌లో పెడితే, తెలిసినవాళ్లు పేరు చెబుతారు. తేదీ, తిథి, ఆటు వేళ పక్కన రాసుకోండి. మార్చిలో మళ్లీ అదే ఒడ్డుకు వెళ్లండి. తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతున్న సీగల్స్ తలలు అప్పటికి గోధుమ రంగులోకి మారుతుంటాయి.