డ్యూన్ సినిమా ఇంట్లో చూస్తున్నారా? ముందు టీవీ సంగతి చూడండి

ముందు పిక్చర్ సెట్టింగుల్లోకి వెళ్లి మోషన్ స్మూతింగ్ ఆపేయండి. కంపెనీని బట్టి పేరు మారుతుంది కానీ దాదాపు అన్ని కొత్త టీవీల్లోనూ ఉంటుంది. సినిమా ఉండేది సెకనుకు 24 ఫ్రేములు. టీవీ మధ్యలో లేని ఫ్రేములు కల్పించి ఇరికిస్తుంది, దాంతో అంత పెద్ద ఎడారి కూడా డైలీ సీరియల్ సెట్టులా తేలిపోతుంది. ఈ స్మూతింగ్‌ను దానంతటదే ఆపేసే ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెడితే చాలు. పైనా కిందా నల్ల పట్టీలు వస్తున్నాయని జూమ్ మాత్రం చేయకండి, పక్కల బొమ్మ తెగిపోతుంది. రాత్రి దాడి సీన్ల కోసం గదిలో లైటు తీసేయాల్సిందే.

ఇక కథ. ఫ్రాంక్ హెర్బర్ట్ 1965 నవలలో సుమారు సగమే 2021 సినిమా. మిగతాది 2024లో వచ్చిన రెండో భాగం. నవల చదివే ఓపిక లేకపోతే దాని చివర ఉన్న పదాల పట్టిక ఒక్కటి తిరగేయండి. స్టిల్‌సూట్ అంటే చెమటను కూడా వడగట్టి మళ్లీ తాగే నీరుగా మార్చే దుస్తులని తెలిస్తే, కథానాయకుడు పాల్ ఎవరూ నేర్పకుండానే వాటి బూట్లు ఎడారివాళ్లలా బిగించుకున్నాడని ఆ ఎడారి గ్రహాన్ని అధ్యయనం చేసే శాస్త్రవేత్త కైన్స్ ఎందుకు ఆశ్చర్యపోయిందో అర్థమవుతుంది. ఇసుకలో ఎడారివాళ్లు తాళం తప్పి నడిచేది కూడా ఊరికే కాదు, అడుగులు ఒకే లయలో పడితే ఇసుక కింద తిరిగే భారీ పురుగు వచ్చేస్తుంది.

సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, గుసగుసల మాటలు ఎక్కువ.