పార్కిన్సన్స్ వణుకు: మాత్రకీ భోజనానికీ మధ్య ఎంత ఎడం ఉండాలి?

పార్కిన్సన్స్‌కి ఇచ్చే ప్రధాన మందు లెవోడోపా. అది వాడేవాళ్ల ఇళ్లలో తరచూ వినిపించే మాట: "పొద్దున మాత్ర బాగానే పట్టింది, మధ్యాహ్నానిది వేసుకున్నట్టే లేదు." మాత్ర అదే, మోతాదు అదే. అలాంటప్పుడు ముందు అనుమానించాల్సింది భోజనాన్ని.

లెవోడోపా ఒంట్లోకి ఇంకేది చిన్నపేగు మొదటి భాగంలో. కడుపు నిండా తిని ఉంటే మాత్ర అక్కడికి చేరడమే ఆలస్యం. చేరాక కూడా, పేగు గోడ దాటడానికీ, రక్తంలోంచి మెదడులోకి వెళ్లడానికీ దానికున్న దారిలోనే ప్రొటీన్ నుంచి వచ్చే కొన్ని అమైనో ఆమ్లాలూ వెళ్తాయి. పప్పు, గుడ్లు, మాంసం, పాలు ఎక్కువగా తిన్న పూట మందు వెనకబడుతుంది.

అందుకే తినడానికి కనీసం అరగంట ముందు, నిండు గ్లాసు నీళ్లతో వేసుకోండి. ముందే తినేసి ఉంటే గంట ఆగాలి. భారీ భోజనమైతే రెండు గంటలు. పాలతో మాత్రం వద్దు. పరగడుపున వికారం పెడితే ఒక అరటిపండో, రెండు బిస్కట్లో తిని వేసుకోవచ్చు. మందు కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు వికారం తగ్గేదాకా భోజనంతోనే వేసుకోమని డాక్టర్ చెప్పవచ్చు. అప్పుడు ఆ మాటే పాటించండి.

ప్రొటీన్ మానేయడం పెద్ద పొరపాటు. ఈ జబ్బులో బరువు తగ్గడం, కండ కరగడం మామూలే. కిలో బరువుకి రోజుకి 0.8 నుంచి 1 గ్రాము, అంటే 60 కిలోల మనిషికి 48–60 గ్రాములు అందాల్సిందే. పగటి మాత్రలు సరిగా పట్టడం లేదని తేలితే ఆ ప్రొటీన్‌లో ఎక్కువ భాగాన్ని రాత్రి భోజనానికి జరపండి. దానివల్ల రాత్రి పక్క మీద ఒత్తిగిలడం కష్టమైతే ఆ సంగతి డాక్టర్‌కి చెప్పాలి. మాత్ర ప్రభావంలో హెచ్చుతగ్గులు లేనివాళ్లకు ఈ మార్పు సాధారణంగా అక్కర్లేదు.

ఐరన్ మాత్ర లెవోడోపాని పట్టేసుకుని ఇంకనివ్వదు, రెంటికీ కనీసం రెండు గంటల ఎడం ఉంచండి. మలబద్ధకం ఉన్నా మందు ఆలస్యంగా పట్టవచ్చు కాబట్టి నీళ్లు, పీచు తగ్గనివ్వకండి. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రల్ని నూరకూడదు, నమలకూడదు. దూలగొండి గింజల్లో సహజంగానే లెవోడోపా ఉంటుంది. ఆ పొడిని మాత్రలకు తోడుగా సొంతంగా మొదలుపెడితే మోతాదు ఎంతవుతుందో లెక్క తెలియదు. వాంతులకు మెటోక్లోప్రమైడ్ రాస్తే పార్కిన్సన్స్ ఉందని వెంటనే చెప్పండి. లెవోడోపా మెదడులో డోపమిన్ అనే, కదలికల్ని నడిపే రసాయనంగా మారుతుంది. మెటోక్లోప్రమైడ్ ఆ డోపమిన్‌ని అడ్డుకుని వణుకు పెంచుతుంది.

ఇంట్లోవాళ్లు తరచూ తడబడేది వణుకునీ, మందు ఎక్కువై వచ్చే కదలికల్నీ వేరు చేయడంలో. ఒళ్లో ఊరికే పెట్టుకున్న చెయ్యి ఒకే లయలో కొట్టుకుంటూ, ఏదైనా అందుకోగానే తగ్గితే అది వణుకు. మాత్ర వేసుకున్న గంటా గంటన్నరకి, మందు బాగా పనిచేస్తున్న వేళ, మెడ, భుజాలు, కాళ్లు మెలికలు తిరుగుతూ ఊగితే అది చాలావరకు మోతాదు ఎక్కువై వచ్చే కదలిక. దాన్ని వణుకనుకుని ఇంకో మాత్ర ఇస్తే మరింత పెరుగుతుంది. పైగా బిగుసుకుపోవడం తగ్గినంతగా వణుకు కొందరిలో మందుకి లొంగదు. ఆందోళన, నిద్రలేమి, కాఫీ కూడా దాన్ని పెంచుతాయి.

వారం పాటు మాత్ర వేళ, తిన్న వేళ, ఏం తిన్నారు, వణుకు ఎప్పుడు పెరిగింది రాసి డాక్టర్‌కి చూపించండి. మోతాదు మార్చాల్సింది ఆయనే. మర్చిపోయిన మాత్ర కోసం తర్వాత రెండు కలిపి వేయకండి. మందు ఒక్కసారిగా ఆపేస్తే తీవ్ర జ్వరం, ఒళ్లంతా బిగుసుకుపోవడంతో ప్రాణం మీదికి రావచ్చు. స్ట్రిప్‌లో వారానికి సరిపడా మాత్రలు మిగిలి ఉండగానే కొత్తవి తెచ్చిపెట్టుకోండి.