మొదట ఉప్పు, తర్వాతే మీ శాంపిల్

ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (ఎక్స్‌రేలు స్ఫటికం మీద పడి ఏ కోణాల్లో చెదురుతాయో చూసి లోపలి అమరిక తెలుసుకునే పద్ధతి) నేర్చుకోవడానికి ఎవరొచ్చినా నేను మొదట చేతికిచ్చేది శుద్ధమైన సోడియం క్లోరైడే, అంటే ఉప్పే. జవాబు తెలిసిన స్ఫటికం మీద చెయ్యి తిరిగాకే తెలియని దాని జోలికి వెళ్లాలి.

అగేట్ (గట్టి రాయి) కల్వంలో వేసి, వేళ్ల మధ్య పిండిలా జారేదాకా నూరండి. కొత్తలో నేను రెండు నిమిషాలు నూరి, గాజు పలకతో గట్టిగా అదిమి స్కాన్ పెట్టేశాను. గ్రాఫులో పైకి లేచే మొనలే పీక్‌లు; 200, 111, 220 అనేవి ఒక్కో పీక్‌ని ఇచ్చే పొరల వరసల పేర్లు. 200 పీక్ ఆకాశాన్ని అంటింది, 111, 220 నేలకి కరుచుకుపోయాయి. ఉప్పు రేణువులు బుల్లి ఘనాలు కదా, అదిమితే అన్నీ తమ చదునైన ముఖం మీద వాలిపోతాయి. అవి అన్ని దిక్కులకూ తిరిగి ఉంటేనే పీక్‌ల ఎత్తుల్ని నమ్మొచ్చు. అందుకే ఇప్పుడు పొడిని హోల్డర్ (శాంపిల్ పెట్టే పలక) గుంటలో చల్లి, ఎక్కువైంది పలక అంచుతో గీసేస్తాను. అదమను.

పొడి హోల్డర్ అంచుకి సరిసమానంగా ఉండాలి. మా మెషిన్ వ్యాసార్థం, అంటే పొడి నుంచి డిటెక్టర్‌కి దూరం, 240 మి.మీ. పొడి 0.1 మి.మీ. పైకి లేచినా పీక్‌లు దాదాపు 0.05 డిగ్రీలు పెద్ద కోణం వైపు జరుగుతాయి. వంగి, కన్ను హోల్డర్ మట్టానికి తెచ్చి వెలుతురులో చూడండి, చిన్న గుట్ట ఉన్నా కనిపిస్తుంది.

తలుపు మూసి, రాగి లక్ష్యం ఉన్న ఎక్స్‌రే ట్యూబ్‌తో 20 నుంచి 80 డిగ్రీల వరకు స్కాన్ చెయ్యండి.

పెద్ద పీక్ 31.7 డిగ్రీల దగ్గర వస్తుంది. అది టూ తీటా (కిరణం తన దారి నుంచి మళ్లిన మొత్తం కోణం) కాబట్టి సగం చెయ్యండి: 15.85. దాని సైన్ 0.2731. రాగి ట్యూబ్ ఎక్స్‌రేల తరంగదైర్ఘ్యం 1.5406 ఆంగ్‌స్ట్రామ్‌లని (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లో వంతు) ఆ సైన్‌కి రెట్టింపుతో భాగిస్తే 2.82. అది స్ఫటికంలో అయాన్ల పొరల మధ్య దూరం. ఇది 200 పీక్ కనుక స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే మూల ఘనం (యూనిట్ సెల్) అంచు దానికి రెట్టింపు, 5.64 ఆంగ్‌స్ట్రామ్‌లు. కంటికి కనిపించని కొలత మన చేతి లెక్కలో పడినప్పుడు నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఆ వెంటనే పొటాషియం క్లోరైడ్ కూడా పెట్టి చూడండి. అమరిక అదే, కానీ 24.5 డిగ్రీల దగ్గర ఉండాల్సిన 111 దాదాపు మాయం! ఎక్స్‌రేలని చెదరగొట్టేవి ఎలక్ట్రాన్లు. 111 దిశలో రెండు రకాల అయాన్లూ పొర విడిచి పొరగా ఉండి, ఒకదాని తరంగాన్ని ఇంకొకటి కొట్టేస్తుంది. సోడియం అయాన్‌కి 10 ఎలక్ట్రాన్లు, క్లోరైడ్‌కి 18, అందుకే ఉప్పులో కాస్త మిగిలి 27.4 దగ్గర చిన్న పీక్ వస్తుంది. పొటాషియం అయాన్‌కీ 18 ఎలక్ట్రాన్లే. 1913లో భౌతిక శాస్త్రవేత్త లారెన్స్ బ్రాగ్ ఈ లవణాలనే పక్కపక్కన పెట్టి వాటి అమరిక తేల్చాడు. మీరూ రెండు గ్రాఫులూ ఒకదాని కింద ఒకటి ప్రింట్ తీసి చూడండి.